తిరగలికి చప్పట్లు

ఆ ఆదివారం పొద్దున ఇడ్లీల్లోకి పచ్చడి చేద్దామని కొబ్బరి కోరుతుంటే హాల్లోంచి మా ఆయన కేకేశారు. "రమణీ, ఒక్కసారి ఇలా రా. నీకొకటి చూపించాలి."

తడి చెయ్యి కొంగుకి తుడుచుకుంటూ వెళ్లాను. ఫోన్లో వీడియో. ఎక్కడో పసిఫిక్ సముద్రం మధ్యనున్న దీవులట. ఆ దీవుల ఊళ్లన్నీ ఒకచోట కట్టి, అక్కడి మనుషులనే పెట్టి, వాళ్ల వంట, చాపల అల్లిక, ఆటపాట అన్నీ చూడవచ్చిన వాళ్ల ఎదుటే చేయిస్తారట. ఒకాయన కొబ్బరికాయ పీచు తీసి, రాయితో ఠప్పున రెండు చెక్కలు చేసి, పీట లాంటిదాని మీద కూర్చుని చకచకా కోరుతున్నాడు. చుట్టూ జనం ఒకటే చప్పట్లు. "ఎంత ఒడుపో చూశావా? ఇదొక కళ," అన్నారు మా ఆయన. నా బొటనవేలికి కోరాం గీసుకుని సన్నగా రక్తం వస్తోంది. దాన్ని నోట్లో పెట్టుకుని వీడియో అంతా చూశాను. అయిపోయాక ఆయన తలెత్తి, "పచ్చడి అయిందా?" అని అడిగారు.

మా ఆయన పేరు లక్ష్మీప్రసాద్. విజయనగరంలో జూనియర్ కాలేజీలో చరిత్ర చెబుతారు. పాత వస్తువులన్నా పాత పద్ధతులన్నా ఆయనకి ప్రాణం. అరకులో కూడా అలాంటి పార్కే ఒకటి తెరిచారని, కొండ ఊళ్ల వాళ్లు అందులో వాళ్ల పనులు చేసి చూపిస్తారని ఎవరో చెప్పారట. వచ్చే ఆదివారమే ప్రయాణం అన్నారు. మా అమ్మాయి వెన్నెల విశాఖలో హాస్టల్లో ఉంటుంది కాబట్టి ఇంట్లో మేం ముగ్గురమే. ఆయన, నేను, మా అత్త పైడితల్లమ్మ.

ప్రయాణం అంటే నాకు తెల్లవారుజాము మూడున్నర. పులిహోర, పెరుగన్నం, అత్తకి మెత్తటి ఉప్మా, ఆయనకి చోడి అంబలి. ఆయనకి సుగర్ బయటపడి ఆరేళ్లయింది. డాక్టరు చోళ్లు, అదే రాగులు, మంచివన్న రోజు నుంచి, ప్రతి రాత్రీ గిన్నెలో చోడిపిండి కలిపి మూతపెట్టి పడుకుంటాను. అది తెల్లారేసరికి పులుస్తుంది. లేచి నూకలు ఉడికించి, పులిసిన పిండి పోసి, అడుగంటకుండా కలిపి, చల్లార్చి, మజ్జిగ పోసి ఇస్తాను. ఆయన పేపరు చదువుకుంటూ తాగుతారు. ఈ ఆరేళ్లలో అంబలి గురించి ఆయన అన్న మాటలు రెండే. ఒకసారి, "ఇవాళ ఉప్పెక్కువైంది." ఇంకోసారి, "ఇవాళ ఏంటి, పల్చగా ఉంది?" బావుంది అనాలని నేనేం ఎదురుచూడలేదు. ఎదురుచూడలేదని ఇంతకాలం అనుకుంటూ వచ్చాను.

శృంగవరపుకోట దాటి ఘాట్ రోడ్డు ఎక్కాం. కారు ఆయనే నడుపుతున్నారు. మలుపుల్లో కడుపులో తిప్పుతుందని అత్త ముందు సీట్లో కూర్చుంది. వెనక సీట్లో క్యారేజీల మధ్య నేను. అరకు దగ్గరపడుతుంటే వలిసె పూల చేలు పచ్చగా పరుచుకున్నాయి. అందరూ కార్లు ఆపి ఫొటోలు తీసుకుంటున్నారు. మేమూ ఆగాం. ఫొటోలు నేను తీశాను.

పార్కు డుంబ్రిగుడ వెళ్లే దారిలో ఉంది. మట్టి గోడలు, గడ్డి కప్పులు, ప్రతి గుడిసె ముందూ ఒక బోర్డు. మేనేజరు దేవీప్రసాద్ అని ముప్పై ఏళ్లతను, మెడలో కార్డు వేసుకుని, మా గుంపుతోనే నడుస్తూ వివరించాడు. విదేశాల్లో దీవుల వాళ్ల కోసం కట్టిన పార్కుని చూసే దీన్నీ కట్టారట. ఇక్కడ ఏదీ నటన కాదట, అంతా జీవితమేనట. మా ఆయన ప్రతి మాటకీ తల ఊపుతూ చిన్న పుస్తకంలో రాసుకున్నారు. వెదురు బుట్టల గుడిసె చూశాం, డప్పుల గుడిసె చూశాం. పదకొండున్నరకి గంట కొట్టారు. మూడో గుడిసె ముందు వేసిన బల్లల మీద కూర్చోమన్నారు. అక్కడి బోర్డు ఇప్పటికీ నాకు కంఠతా వచ్చు.

'సోములమ్మ. చోడి అంబలి. తిరగలి పిండితో, మీ కళ్ల ముందే. ప్రదర్శనలు పది, పదకొండున్నర, రెండు, మూడున్నర. ఐదు గంటలకు ముగింపు. శుక్రవారం సెలవు.'

ఆ బోర్డుని మూడుసార్లు చదివాను. ఒక ఆడమనిషి అంబలి చేస్తుందని పేరుతో సహా బోర్డు రాసి పెట్టారు. చేసే వేళలు రాశారు. ఇంక చెయ్యని వేళ కూడా రాశారు. ముగింపు అనే మాట దగ్గర నా చూపు ఆగిపోయింది. ఇరవై నాలుగేళ్ల కాపురంలో నా వంటింటికి ఫలానా గంటకు ముగింపు అని ఎవరూ అనలేదు. తొమ్మిదిన్నరకి గట్టు తుడిచి దీపం ఆర్పితే హాల్లోంచి, "కొంచెం పాలు వేడి చేస్తావా?" అని వినబడుతుంది. శుక్రవారం సెలవట. మా ఇంట్లో శుక్రవారమంటే తలంటు, పూజ, ప్రసాదం. మామూలు రోజుకన్నా రెండు పనులు ఎక్కువ.

సోములమ్మ లోపల్నుంచి వచ్చి తిరగలి ముందు కాళ్లు చాపి కూర్చుంది. నా వయసే ఉంటుంది. చామనఛాయ, ముక్కుకి రెండు వైపులా పుడకలు, మోకాళ్ల కిందకి కట్టిన చీర. గుప్పెడు చోళ్లు పోసి, పిడి పట్టుకుని విసరడం మొదలుపెట్టింది. చిన్నగా ఏదో పాట. రాళ్ల మధ్య నుంచి పిండి జారుతుంటే ఫోన్లన్నీ పైకి లేచాయి. రెండు గుప్పెళ్లు విసిరింది. ఆ పిండి చేటలోకి ఎత్తి అందరికీ చూపించింది. తర్వాత పొయ్యి మీది పెద్ద కుండ మూత తీసి, అడ్డాకు దొప్పల్లో అంబలి పోసి ఒక్కొక్కరికీ అందించింది. జనం చప్పట్లు కొట్టారు. ఆ చప్పుడు నా వీపు మీద పడుతున్నట్టే అనిపించింది.

మా ఆయన దొప్ప ఎత్తి ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నారు. ఆయన అలా కళ్లు మూసుకోవడం నేను పాటకచేరీల్లో చూశాను గాని భోజనం దగ్గర ఎన్నడూ చూడలేదు. "ఆహా. రుచంటే ఇదీ. రమణీ, తాగి చూడు. ఈ పులుపు చూడు. మన ఇంట్లో ఇలా ఎందుకు రాదు?" అన్నారు. పక్కన కూర్చున్నాయనతో, "రాతి మీద విసిరిన పిండండీ, ఆ జీవమే వేరు. మనవాళ్లకి ఇవన్నీ పోయాయి," అన్నారు. మనవాళ్లు అన్నప్పుడు ఆయన చెయ్యి నావైపే ఊపారు.

నేనూ తాగాను. నా గుక్క గొంతు దిగకముందే నాకు తెలిసిపోయింది. మా పుట్టిల్లు గజపతినగరం దగ్గర. మా అమ్మ చోళ్లు విసిరి పెంచింది మమ్మల్ని. తిరగలి పిండి నాలిక్కి కొంచెం బరకగా తగులుతుంది, పొట్టు వాసన వేస్తుంది. ఇది నున్నగా, జిగురుగా ఉంది. మిల్లులో పట్టించిన పిండి. ఇంకా చెప్పాలంటే, నేను ఆరేళ్లుగా వాడుతున్న పిండే. నేను చేసే అంబలే. దీనికి కళ్లు మూసుకున్నారా మీరు, అని నాలో ఏదో లేచి నిలబడింది. దాని పేరు కుళ్లు అని నాకు అప్పుడే తెలుసు. తెలిసీ ఆపుకోలేదు.

"ఇది తిరగలి పిండి కాదు, మిల్లు పిండి," అన్నాను. మామూలుగా అందామనుకున్నాను గాని, బల్లల చివరిదాకా వినబడేంత గట్టిగా వచ్చింది.

ఒక్క క్షణం అందరూ నా వైపు చూశారు. ఎవరో నవ్వారు. ఇంకెవరో, మరి టికెట్టు ఎందుకు పెట్టినట్టు అన్నారు. సోములమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే ఆగిపోయింది. దేవీప్రసాద్ మొహం ఎర్రబడింది. మా ఆయన మాత్రం, నేను అనుకున్నట్టు చిరాకుపడలేదు. భుజాలు ఎగరేసి నలుగురి వైపు తిరిగి, "మా ఆవిడండీ. ఎంత నాలికో చూశారా? ఒక్క గుక్కలో పట్టేసింది," అన్నారు. కొంతమంది చప్పట్లు కొట్టారు.

నాకోసం చప్పట్లు. పెళ్లయిన తర్వాత మొదటిసారి. ఎంతో కాలంగా దాహం వేసినవాళ్లకి నీళ్లు దొరికినట్టు గుండె ఒక్కసారి నిండింది. అది నిజం, దాచుకోను.

దేవీప్రసాద్ నన్ను పక్కకి పిలిచి క్షమాపణ చెప్పాడు. సోములమ్మ మీద ఇంతకుముందు కూడా ఒకరు ఇదే మాట అన్నారట, నోటిమాటే కాబట్టి వదిలేశాడట. ఆఫీసులో సందర్శకుల పుస్తకం ఉంది, మేడమ్, మీరు అందులో రాసి సంతకం పెడితే నాకు ఆధారం ఉంటుంది, వచ్చే వారం నుంచి ఆ గుడిసెలో వేరే ఆవిడని పెట్టుకుంటాం, అన్నాడు. భోజనాలయ్యాక రాస్తానన్నాను.

చెట్ల కింద దుప్పటి పరిచి క్యారేజీలు విప్పాను. ఆయనకి వడ్డించాను. ఆయన ఇంకా ఆ హుషారులోనే ఉన్నారు. స్టాఫ్ రూములో ఈ సంగతి ఎలా చెప్పాలో అప్పుడే కూర్చుకుంటున్నారు. తినేసి బుట్టల గుడిసె ఫొటోలు తీసుకోవడానికి వెళ్లారు. అత్త ఉప్మా కెలుకుతూ కూర్చుంది. మా అత్త నోటికి జడిసి ఈ ఇంట్లో కొత్తకోడలిగా నేను ఏడ్చిన రోజులున్నాయి. ఇప్పుడు డెబ్భై ఆరు నిండాయి, మాట తగ్గింది, చూపు తగ్గలేదు.

"నాకూ తెలిసింది," అంది ఉన్నట్టుండి.

"ఏంటత్తా?"

"మిల్లు పిండని. నాలిక్కి తగల్లేదేటి? నా పెళ్లినాటికి నేను రోజూ కుంచెడు చోళ్లు ఇసిరేదాన్ని. నీకు తెలిసింది నాకు తెలవదా?"

"మరి ఏమీ అనలేదేం?"

"ఎందుకంటాను? ఆ గుంట పొట్ట కొట్టడానికా?" అని ఉప్మా గిన్నె నాకు అందించింది. "నీకు సప్పట్లు కావాల్సొచ్చాయి."

ఈ ఇరవై నాలుగేళ్లలో మా అత్త అన్న మాటలు చాలానే గుర్తున్నాయి నాకు. ఏదీ ఇంత సూటిగా దిగలేదు. నేను వేరే మనిషినని, ఆవిడ వేరే మనిషని, కోడల్ని చూసి ఓర్వలేని అత్త ఆవిడేనని నమ్ముకుంటూ వచ్చాను. ఇప్పుడు ఆవిడ నన్ను చూసిన చూపులో కోపం కూడా లేదు. గిన్నెలు కడుక్కొస్తానని చెప్పి లేచాను.

కుళాయి సోములమ్మ గుడిసె వెనకే ఉంది. ఆమె అక్కడ గొంతుక్కూర్చుని రెండు పెద్ద అల్యూమినియం తపేలాలు బూడిదతో తోముతోంది. బల్లల మీంచి చూసేవాళ్లకి కుండ తప్ప ఇవి కనబడవు. నన్ను చూసి చెయ్యి ఆపలేదు.

"ఏటమ్మా, ఇంకేటన్నా తేలిందేటి?"

క్యారేజీ గిన్నె కుళాయి కింద పెట్టాను.

"మిల్లు పిండని సెప్పినావు. మిల్లు పిండే. రెండు గుప్పిళ్లు ఇసిరితే ఏబై మందికి అంబలి ఎలాగొస్తాది? మగోళ్లకి తెలవదు, సరే. వండుకునేదానివి, నీకు తెలవదేటి?"

నాకు తెలుసు. అప్పుడే తెలుసు. తెలియంది ఇంకోటి ఉంది, అదే అడిగాను. అంబలికి పులుపు రావాలంటే రాత్రే కలిపిపెట్టాలి కదా, ఇక్కడ రాత్రి ఎవరు ఉంటారు?

సోములమ్మ అప్పుడు చెయ్యి ఆపి నా వైపు చూసింది. ఇంతవరకు ఎవరూ అడగలేదట. రాత్రి తన ఇంటి దగ్గరే కలుపుతుందట. ఇంటిల్లిపాదీ తిన్నాక, అంట్లు తోమాక, రెండు తపేలాల్లో పిండి కలిపి పొయ్యి పక్కన పెడుతుందట. కోడి కూసేవేళ లేచి ఉడికించి, ఆటోలో తపేలాలు ఒళ్లో పెట్టుకుని వస్తుందట. ఘాట్ రోడ్డు కుదుపుల్లో తొణికి చీర తడవని రోజు లేదట. ఇక్కడికొచ్చాక కుండలోకి వంపేసి, తపేలాలు వెనక దాచేసి, పది గంటల ఆటకి కూర్చుంటుందట. కుండలో అంబలి ఎప్పుడు ఉడికిందని ఇన్ని నెలల్లో ఒక్కరూ అడగలేదు.

"మరి ఆ పనికి?" అన్నాను.

"దానికేటి ఇస్తారు? జీతం తిరగలి ఇసిరినందుకు. ఇంటికాడ సేసింది ఇంటి పనే గదా అంటాడు మేనేజరు బాబు. మా ఆయనా అదే మాటంటాడు. ఇద్దరూ ఒకే బళ్లో సదూకున్నట్టున్నారు."

నవ్వొచ్చింది నాకు. ఆమె నవ్వలేదు. అయినా నోరు ఊరుకోక, నీ బోర్డు చూసి కుళ్లుకున్నానని చెప్పేశాను. ముగింపు అని ఉంది, సెలవు అని ఉంది, అందుకు.

"సుక్రవారం సంత. సెలవు ఈ గుడిసికి, నాకు కాదు," అంది. తపేలా బోర్లిస్తూ మళ్లీ అంది, "నీ మీద నాకూ కుళ్లే. రోజూ వస్తారు మీలాటోళ్లు. కూకుంటారు. దొప్ప సేతికొస్తాది. తాగుతారు. నా పెళ్లయ్యాక ఒక్క పూటన్నా నాకు అంబలి కలిపి సేతికిచ్చినోళ్లు లేరు. ఎలాగుంటాదో."

క్యారేజీ గిన్నె నిండి నీళ్లు పొర్లిపోతున్నాయి. నేను కుళాయి కట్టెయ్యడం మరిచిపోయాను. ఆమె అన్న మాట నాక్కూడా వర్తిస్తుందా అని వెనక్కి వెతుక్కున్నాను. మా అమ్మ ఇచ్చింది పెళ్లికి ముందు. ఆ తర్వాత వెన్నెల పుట్టినప్పుడు కూడా, పురిటి స్నానమైన మూడో వారానికే గరిటె నా చేతికి వచ్చింది. లేదు, ఒక్క పూటా లేదు. ఒక్క ఇవాళ తప్ప. ఇరవై నాలుగేళ్లలో నేను కూర్చుని ఉండగా ఇంకొకరు చేసి నా చేతికి అందించిన మొదటి అంబలి ఈమె ఇచ్చిన దొప్పలోదే. దాన్ని ఒక గుక్క తాగి, వంక పెట్టాను. ఉప్పెక్కువైంది, పల్చగా ఉంది అనేవాళ్ల వరసలో నేనూ నిలబడ్డాను.

సారీ చెబుదామనుకున్నాను. చెప్పినా ఆమెకి దానివల్ల ఒరిగేది లేదు. రెండు గంటల ఆటకి గంట కొట్టారు. ఆమె తడి చేతులు చీరకి తుడుచుకుని ముందుకి వెళ్లిపోయింది.

ఆఫీసు గదిలో దేవీప్రసాద్ పుస్తకం తెరిచి, కలం మూత కూడా తీసి పెట్టాడు. పేజీలకి అంకెలు వేసి ఉన్నాయి. నెలకోసారి ఇది పైవాళ్లకి వెళ్తుంది, ఒక్క కాగితం కూడా చింపడానికి లేదు మేడమ్, అని గొప్పగా చెప్పాడు. మా ఆయన వచ్చి నా పక్కన నిలబడ్డారు. భాష తప్పుల్లేకుండా రాయమన్నారు. నాలుగు గళ్లున్నాయి. పేరు, ఊరు, వృత్తి, అభిప్రాయం. వృత్తి దగ్గర నా చెయ్యి అలవాటుగా గృహిణి అని మొదలుపెట్టింది. గ రాసి ఆగి, కొట్టేసి, 'వంట. అంబలి ఆరేళ్లుగా' అని రాశాను. తర్వాత అభిప్రాయం.

'సోములమ్మ అంబలి చాలా బాగుంది. పిండి మిల్లుదే. రెండు గుప్పెళ్లు విసిరిన పిండి యాభై మందికి చాలదని వంట తెలిసిన ఎవరికైనా తెలుసు. అది ఆమె తప్పు కాదు, బోర్డు రాసినవాళ్ల తప్పు. ఈ అంబలిని ఆమె రోజూ రాత్రి తన ఇంట్లో కలిపి, తెల్లవారుజామున వండి, మోసుకొస్తోంది. అది కూడా ఉద్యోగమే. ఆ వేళకీ జీతం ఇవ్వాలి. అది చూపించకుండా ఇక్కడ అంతా జీవితమే అనకూడదు.'

సంతకం పెట్టాను. దేవీప్రసాద్ చదివి, "మేడమ్, ఇది పైవాళ్లు చదువుతారు," అన్నాడు మెల్లగా.

"అందుకే రాశాను, బాబూ."

మా ఆయన ఏమీ అర్థం కానట్టు ఒకసారి నన్ను, ఒకసారి పుస్తకాన్ని చూశారు. అత్త గుమ్మం దగ్గర కర్ర ఆనించి నిలబడి ఉంది. ఏం రాశావని అడిగింది. చదివి వినిపించాను. వచ్చి, పక్కనున్న రబ్బరుస్టాంపు సిరాలో బొటనవేలు అద్ది, నా సంతకం కింద గట్టిగా నొక్కింది.

దాంతో సోములమ్మ పని నిలుస్తుందో లేదో నాకు తెలియదు. బయటికొస్తుంటే ఆమె తిరగలి విసురుతూ కనిపించింది. చప్పట్లు మొదలయ్యాయి. నేను కొట్టలేదు. ఆమె చూడాలని కాసేపు నిలబడ్డాను. తల ఎత్తింది, చూసింది, మళ్లీ పిడి తిప్పసాగింది. నా కుళ్లు పూర్తిగా పోయిందని చెప్పను. ఐదు గంటలకు ముగింపు అనే ఆ మాట మీద ఇప్పటికీ ఉంది. ఆమెకి కూడా అది బోర్డు మీదే ఉందని తెలిశాక కూడా.

మిగతా గుడిసెలు కూడా చూసి బయల్దేరి అనంతగిరి చేరేసరికి పొద్దుగుంకింది. అక్కడ కాఫీ తాగాక మా ఆయన మామూలయ్యారు. కారు మలుపులు దిగుతుంటే అన్నారు, "ఎంతైనా ఆ పులుపు భలే కుదిరింది. ఒక తిరగలి కొనాల్సింది. రేపట్నించి నువ్వు అలా చేద్దువుగాని. నీకూ వ్యాయామం."

వెనక సీట్లో ఖాళీ క్యారేజీలు చప్పుడు చేస్తున్నాయి. వాటిని కాళ్లతో అదిమి పట్టుకున్నాను.

"చోడిపిండి డబ్బా వంటింట్లో కింది అరలో ఉంది. నీలం మూతది," అన్నాను. "ఇవాళ రాత్రి మీరు కలపండి. పొద్దున నూకలు ఎలా ఉడికించాలో చెబుతాను. రేపు నేను కూర్చుని తాగుతాను."

ఆయన నవ్వారు. నేను నవ్వలేదని అద్దంలో చూసి ఆపేశారు. తర్వాత ఆశగా పక్క సీటు వైపు తిరిగారు. వాళ్లమ్మ కల్పించుకుంటుందని, అదేం చోద్యమే అంటుందని ఆయన నమ్మకం. నాకూ అదే భయం.

అత్త చలిగాలికి కిటికీ అద్దం పైకెత్తింది. శృంగవరపుకోట దీపాలు కింద కనబడుతున్నాయి.

"గోరెచ్చటి నీళ్లు పోసి కలుపురా," అంది కొడుకుతో. "సలికాలం. సన్నీళ్లు పోస్తే పులవదు."